గంజి పెట్టిన కంచె

సంతోషమ్మ దుప్పులను తిట్టినంత శ్రద్ధగా మా ఊళ్లో ఎవరూ ఎవరినీ తిట్టరు. జైనూర్ పోయే తోవలో, అడవి అంచున, ఆమెకు రెండున్నర ఎకరాల మక్కచేను ఉంది. తెల్లవారగానే ఒడ్డు మీద నిలబడి ఆమె మొదలుపెట్టిందంటే చర్చి దాకా వినబడుతుంది.

"ఓ చెవు చీలినదానా! నిన్న వచ్చింది నువ్వే కదనే? ఇయ్యాల పిల్లను కూడ తోలుకొచ్చినవా? తోవ జూపిస్తున్నవా దానికి?"

ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి మరీ తిడుతుంది. తిట్టి ఊరుకోదు, వడిసెలలో రాయి పెట్టి విసురుతుంది. ఆ రాయి ఎప్పుడూ దుప్పికి రెండు గజాల ముందరే పడుతుంది. ఆమెకు గురి లేదని ఊళ్లో అంటారు. అదే వడిసెలతో మా పెరటి చింతచెట్టు చిటారుకొమ్మన ఉన్న కాయను ఆమె రాల్చడం నేను చూశాను కాబట్టి ఆ మాట నమ్మను. అట్లాగని ఆమెకు జీవాల మీద ప్రేమ అని రాస్తే నన్నూ అట్లాగే తిడుతుంది.

భర్త మైసయ్య కామెర్లతో పోయి తొమ్మిదేళ్లయింది. కొడుకు డేవిడ్ దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడు. కోడలు సృజన నిర్మల్‌లో బొమ్మలకు రంగులు వేసే పని చేసుకుంటూ అక్కడే ఉంటుంది. మైసయ్య పోయాక భూమి కాగితాలు కొడుకు పేరు మీదికి మారాయి. చేను మాత్రం సంతోషమ్మే చేస్తున్నది. విత్తనం పెట్టేది, కలుపు తీసేది, మంచె మీద కూర్చుని కాసేది అన్నీ ఆమే.

ఆమె ఒడ్డుకు అవతల సదానందం చేను. అతనిదీ మక్కే. అడవి పందులు పంట తొక్కేస్తున్నాయని అతను మూడు దిక్కులా కరెంటు తీగ గుంజాడు. పొద్దుగూకంగానే కరెంటు ఇస్తాడు, పొద్దున తీసేస్తాడు. అట్లా పెట్టకూడదని అందరికీ తెలుసు. అతను పెట్టాడనీ అందరికీ తెలుసు. నాలుగో దిక్కు సంతోషమ్మ ఒడ్డు. మూడు దిక్కులు మూసుకుపోయేసరికి దుప్పులు, పందులు అన్నీ ఆమె చేలోంచి అతని చేలోకి దిగడం మొదలుపెట్టాయి.

ఈ వానకాలం మక్కలు విత్తే ముందు అతను వచ్చి ఒడ్డు మీద కూర్చున్నాడు.

"సంతోషక్కా, అడవి దిక్కు నీ ఒడ్డు పొంటి కూడ తీగ గుంజుత. నీ చేను కూడ కాపాడినట్టయితది."

"వద్దు తమ్మీ."

"ఎందుకొద్దు?"

"పొద్దుగాల మసక మసక ఉండంగనే వస్త నేను. కాలు పడితే పోయేది నేను."

"పొద్దుగాల తీసేస్త కదా."

"మర్చిపోతవు. నీ పెండ్లాం యాదవ్వ తల్లిగారింటికి పోయిననాడు బువ్వ తినుడే మర్చిపోతవు నువ్వు. తీగ యాదికుంటదా?"

సదానందం నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"తరుముడు వేరు సదానందం, సంపుడు వేరు. నా ముంగట నా కంకి తింటే రాయి పెట్టి ఇసుర్త. ఉరుకుతది. రేపు మల్లొస్తది, మల్ల ఇసుర్త. గది నాకూ దానికీ ఉన్న పంచాయితి. నడుమ నీ కరెంటు ఎందుకు?"

నాలుగేళ్ల కింద అతని తీగ తగిలి ఒక దుప్పి చచ్చింది. మొదట చూసింది సంతోషమ్మే. దాని పొదుగు నిండా పాలున్నాయని ఆమె నాతో ఒక్కసారి చెప్పింది. రెండోసారి ఎప్పుడూ చెప్పలేదు.

సదానందం ఊరుకునే మనిషి కాదు. దుబాయ్‌కి ఫోన్ చేశాడు. ఆ ఆదివారం డేవిడ్ తల్లికి ఫోన్ చేశాడు.

"అవ్వా, సదానందం మామ చేను కౌలుకు అడుగుతుండు. ఇద్దాం. నీకు అరవై నాలుగేండ్లొచ్చినయ్. వానల్ల మంచె మీద కూసునుడు నీకెందుకు చెప్పు?"

"కౌలుకిస్తే ఏం జేస్తడంట?"

"పంట పెడతడు."

"పంట తర్వాత. ముందుగాల తీగ పెడతడు."

"అవ్వా, జీవాలే మొత్తం తింటున్నయట కదా. నిరుడు ఎన్ని సంచులొచ్చినయో నువ్వే చెప్పు."

నిరుడు సగం కూడా రాలేదు. కొడుకు మెత్తగానే అన్నా మాట మాత్రం గట్టిగా అన్నాడు. ఈ వానకాలం సగం పంటైనా ఇంటికి రాకపోతే యాసంగి నుంచి చేను సదానందానికి కౌలుకు. కాగితం మీద సంతకం పెట్టేది అతనే కాబట్టి ఆమె ఒప్పుకుంది. ఒప్పుకుని ఫోన్ పెట్టేసి, "సగం గాదు, చూస్తుండు" అన్నది. ఫోన్‌లో అప్పటికే ఎవరూ లేరు.

హుజూరాబాద్‌లో ఉన్న ఆమె చిన్నమ్మ బిడ్డ చెప్పింది, అక్కడ రైతులు చేను చుట్టూ పాత చీరలు కడుతున్నారనీ, పందులు, దుప్పులు దగ్గరికి రావడం లేదనీ. సంతోషమ్మకు ఆ మాట నచ్చింది. మా చర్చి ఆడవాళ్లను అడిగి పద్దెనిమిది చీరలు పోగు చేసింది. ఆదివారం చర్చికి తెల్లచీర కట్టుకోవడం మాకు అలవాటు. అందుకని దాదాపు అన్నీ తెల్లచీరలే.

ఇక్కడే ఆమె తప్పు చేసింది. పదిమంది ఇళ్ల చీరలు. అడవి మొగాన కట్టినా, తోవన పోయేవాళ్లందరూ చూస్తారు. మురికి చీరలు ఆరేసిందని అంటే ఎంత నామోషీ! బాయి కాడ రెండు రోజులు కూర్చుని అన్నీ ఉతికింది. నీలిమందు పెట్టింది. అంతటితో ఆగకుండా, గాలికి ముడతలు పడొద్దని గంజి పెట్టింది. గుంజలు పాతి, సుతిలి గుంజి, ఆ చీరలను ఎడం ఎడంగా చేను చుట్టూ కట్టింది. క్రిస్మస్ పొద్దు చర్చి ముందు వరసగా నిలబడ్డ ఆడవాళ్లలా ఉంది కంచె.

"ఏంది సంతోషక్కా, దుప్పులకు బాప్తిస్మం ఇస్తున్నవా?" అని సదానందం తన చేలోంచి అరిచాడు.

"నీకే ఇద్దామని. లోపటికి రా!"

మర్నాడు తెల్లవారి ఆమె పోయేసరికి ఏడు దుప్పులు కంచె పొడుగునా నిలబడి ఉన్నాయి. పారిపోలేదు. చీరలు నాకుతున్నాయి. ఆమె ఇంట్లో గంజిలో ఉప్పు వేస్తారు. చెవు చీలిన దుప్పి అయితే ఒక కొంగును నోట్లో పెట్టుకుని తాపీగా నములుతున్నదట. "నా బతుకుల మొదటిసారి తిట్టు నోట్లకెల్లి రాలే" అని ఆమె ఈ సంగతి చెప్పినప్పుడు నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె మాత్రం నవ్వలేదు. అప్పటికి మక్కలు మోకాలెత్తు ఉన్నాయి. కళ్లమంత జాగాలో మొక్కలు మోడులయ్యాయి.

ఆమె కంచె పొడుగునా నేల చూస్తూ నడిచింది. అన్ని దిక్కులా గిట్టల గుర్తులు చేలోకి దిగి ఉన్నాయి. పడమటి మూల ఒక్కచోట మాత్రం గుర్తులు కంచె దాకా వచ్చి, అక్కడే తిరిగి, అడవిలోకి వెళ్లిపోయాయి. ఆ మూలన ఉన్నది ఆ పద్దెనిమిది చీరల్లోది కాదు. ముందురోజు కలుపు తీసి, చెమటకు తడిసిందని ఆమె మార్చుకుని ఆరేసిన సొంత చీర. ఆరేసి, తీసుకుపోవడం మర్చిపోయింది.

ఆమె ఆ చీరను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత ఉతికిన చీరను. ఉతికినదాంట్లో సబ్బు వాసన, గంజి వాసన. మనిషి వాసన లేదు.

ఆ రోజు నుంచి మా ఊళ్లో ఒక వింత మొదలైంది. కంచెలోంచి ఒక చీర విప్పి, ఆ రోజంతా అది కట్టుకుని పని చేసి, సాయంత్రం మళ్లీ కంచెకు కట్టేది. మర్నాడు ఇంకొకటి. మురికి కాల్వ తీసింది, పేడ మోసింది, కలుపు తీసింది, అన్నీ తెల్లచీరల్లోనే. కొట్టు దగ్గర మగవాళ్లు, "సంతోషమ్మకు రోజుకో చీర. రాణి లెక్కనే బతుకుతుంది" అని ఎగతాళి చేశారు. "నా చేను నాకంటె ఎక్కువ ముస్తాబైంది, పోయి చూసి రాండ్రి" అని ఆమె బదులు చెప్పింది. గుర్తులు కంచె దగ్గర ఆగడం ఆమె రోజూ లెక్క చూసుకునేది. దుప్పులను తిట్టడం మాత్రం మానలేదు.

కంకులు పాలు పోసుకునే వేళకు ముసురు పట్టింది. నాలుగు రోజులు తెరిపి లేదు. పద్దెనిమిది చీరల్లో ఉన్న చెమట అంతా వానకు కడుక్కుపోయింది. ఒక్క మనిషి ఒంటి వాసన ఎంతకని వస్తుంది? ఐదో రోజు చేనులో నాలుగో వంతు లేదు. పందులు మొక్కలను పడుకోబెట్టి మరీ తిన్నాయి.

సదానందం వచ్చి చూశాడు. అతని గొంతులో ఈసారి ఎగతాళి లేదు, అదే ఆమెకు ఎక్కువ మండింది.

"అక్కా, ఇంక వారం ఇట్లనే ఉంటే నీకు మిగిలేది చొప్పనే. ఇయ్యాలనే తీగ గుంజుత. డేవిడ్‌కు నేను చెప్త."

"పంట ఇరిచేదాక ఇది నా చేను. నా ఒడ్డు మీద గుంజ పాతినవనుకో, అదే గుంజ పీకి నీ చేన్ల ఇసిరేస్త."

ఆ ఆదివారం చర్చిలో పాటలు అయినాక సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చింది. జబ్బు నయమైనవాళ్లు, పరీక్ష గట్టెక్కినవాళ్లు లేచి దేవునికి స్తోత్రం చెప్పే సమయం అది. సంతోషమ్మ లేచింది. నేను వెనక బెంచీ మీద ఉన్నాను.

"నాది సాక్ష్యం గాదు. నాకు చీరలు కావాలె. ఉతికినయి వద్దు. రెండు దినాలు కట్టుకొని, కష్టం జేసి, చెమట పట్టిన చీరలు కావాలె. రెండు దినాలకోపారి ఇయ్యాలె. పంట ఇరవంగనే ఎవలయి వాళ్లకు ఉతికిస్త."

పాస్టర్‌గారి భార్య ప్రిస్కిల్లమ్మ ముందు బెంచీలోంచి వెనక్కి తిరిగింది. "సంతోషమ్మా, మందిరంల నిలబడి విడిచిన చీరలు అడుగుతవా?"

"దేవునికి మన చెమట తెల్వదానమ్మా? ఆయన సృష్టి నా కంకులు తింటుంది. ఆయన బిడ్డలనే అడుగుతున్న."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ప్రిస్కిల్లమ్మ నవ్వలేదు కానీ మంగళవారం మొదటి చీర పంపింది ఆమే. పెరట్లో కట్టెలు కొట్టానని కూడా చెప్పి పంపింది. నేను పెద్దగా కష్టం చేసే వయసులో లేను. అయినా రెండు రోజులు పొయ్యి దగ్గరే కూర్చున్నాను, నా చీర కూడా ఆ కంచెలో ఉండాలని. వారం తిరిగేలోపు చర్చికి రాని ఇళ్ల నుంచి కూడా చీరలు వచ్చాయి. ఎరుపు, పసుపు, పూలవి. తెల్లకంచె పోయి రంగుల కంచె అయింది.

ఒక మునిమాపు యాదవ్వ వచ్చింది. సదానందం భార్య. నెత్తి మీది గడ్డిమోపు దించి, దాంట్లోంచి ఆకుపచ్చ చీర తీసింది.

"వదినే, రెండు దినాలు కట్టుకొని మా చేన్ల కలుపు తీసిన. సరిపోతదా?"

సంతోషమ్మ వాసన చూసింది. "మస్తయితది. పందులు జిల్లా దాటుతయ్."

"నా పేరు జెప్పకు."

"నీ మొగనికి తెలిస్తే?"

యాదవ్వ మోపు మళ్లీ ఎత్తుకుంది. "నాలుగేండ్ల కింద గా దుప్పిని పూడ్చనీకె గుంత తీసింది నేనే వదినే" అని, వెనక్కి చూడకుండా ఒడ్డు దిగి పోయింది.

అప్పటి నుంచి ఆకుపచ్చ చీర రెండు రోజులకోసారి గడ్డిమోపులో ఇంటికి పోయి, గడ్డిమోపులోనే తిరిగి వచ్చేది. సంతోషమ్మ దాన్ని ఎక్కడ కట్టిందంటే, సరిగ్గా సదానందం చేను మొగాన, అతని ఒడ్డుకు ఎదురుగా.

పంట విరిచిన నాడు కొలిచి చూస్తే ముప్పాతికకు కొంచెం తక్కువ వచ్చింది. చీరలు విప్పి మడతలు పెడుతుంటే సదానందం ఒడ్డు మీదికి వచ్చాడు. ఆకుపచ్చ చీర కొంగున ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, గిది మా ఇంట్ల చీర."

"అయితే ఇంటికి వోయి అడుగు."

"ఎప్పటి సంది ఉన్నది ఇక్కడ?"

"నువ్వు రోజూ దాని ముంగట్నే నిలబడి బీడీ తాగినవు. నీకే తెల్వాలె."

అతను తన చేను చుట్టూ ఉన్న తీగ వైపు చూశాడు. తర్వాత, "యాసంగికి ఏం జేస్తవు?" అన్నాడు.

"గిదే జేస్త. నా ఒడ్డు పొంటి నా చీరలే ఉంటయ్. నీ మూడు దిక్కులు తీగ ఉంచుతవో, ఊడబీకుతవో యాదవ్వను అడుగు. చీరలు కట్టుడు కావాలంటె నేర్పుత. గని గంజి పెట్టకు."

మర్నాడు పొద్దున్నే డేవిడ్ ఫోన్ చేశాడు. నేను నా చీర తెచ్చుకుందామని వాళ్లింటికి పోయి అక్కడే ఉన్నాను. వాకిట్లో చీరలు ఉతికి ఆరేసి ఉన్నాయి. సంచులు లోపల గోడకు ఆనించి ఉన్నాయి. కోసిన చేలో రాలిన గింజలు ఏరుకుంటూ దుప్పులు తిరుగుతున్నాయి, ఆమె అటు చూడను కూడా చూడలేదు.

"అవ్వా, సంచులు చూసిన, నువ్వు పంపిన ఫోటో సృజన నాకు పంపింది. నీ మాటే నెగ్గింది. యాసంగికి నేనేమన్న పంపాల్నా?"

"నువ్వేం పంపకు. నీ పెండ్లానికి చెప్పు, బొమ్మల కాడ కూసున్నప్పుడు కట్టుకునే చీరలు నాలుగు పంపమను" అన్నది సంతోషమ్మ. "ఉతకొద్దని చెప్పు."