మామయ్యగారి రౌటర్ తనిఖీ

ఎవరింటికి వెళ్ళినా మామయ్యగారు మనుషులకంటే ముందు రౌటర్‌ని పలకరిస్తారు. చెప్పులు విడిచీ విడవకముందే టీవీ వెనక తల దూర్చి, "దీని పాస్‌వర్డ్ మార్చారా, కొన్ననాటిదేనా?" అని అడుగుతారు. అప్పటికి ఇంటివాళ్ళకు కనిపించేది ఆయన వీపొక్కటే. ఆ వీపు తరఫున కుశలప్రశ్నలన్నీ కోడలే అడగాలి.

ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎంక్వైరీలో కూర్చుని, పేరు చెప్పినవాళ్ళకల్లా నంబరు చెప్పిన మనిషాయన. రిటైరయ్యాక, ఇంటర్నెట్‌కీ డీఎన్ఎస్ అని ఓ ఎంక్వైరీ ఉందని ఎక్కడో చదివారు. అంతే, కోడలికి కష్టాలు మొదలయ్యాయి.

"చూడమ్మా, నువ్వు బ్యాంకు పేరు కొడతావు. దానికి నంబరు వెతికిచ్చేది డీఎన్ఎస్. ఓ దొంగ మన రౌటర్‌లో దూరి, ఇకమీదట నంబర్లన్నీ తననే అడగమని రాసిపెట్టాడనుకో. నువ్వు బ్యాంకనుకుని వాడింటి తలుపు కొడతావు."

"స్టవ్ మీద పాలున్నాయి మామయ్యగారూ."

"పాలు పొంగితే తుడుచుకోవచ్చు."

కోడలు ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. సరిగ్గా లెక్క సగంలో ఉండగా తెరమీద పన్నెండు మొహాలూ బిగుసుకుపోయేవి. హాల్లోంచి గొంతు వినిపించేది. "అప్‌డేట్ పెట్టానమ్మా, రెండు నిమిషాలు." ఆ రెండు నిమిషాల్లో ఆవిడ బట్టలు ఆరేసి వచ్చేది. ఓసారి ఇరవై రెండు అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టారు.

"ఎక్కడైనా రాసుకున్నారా?"

"రాస్తే ఇంకేం రహస్యం?"

"మరి గుర్తుందా?"

మామయ్యగారు సీలింగ్ ఫ్యాను వంక చూశారు. ఆ రోజంతా ఇంట్లో నెట్ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, పై అంతస్తు టైలరమ్మగారి గొడవ ఒక ఎత్తు. ఆవిడ కొడుకు ఓ సాయంత్రం దిగి వచ్చి, గుమ్మంలోనే అందుకున్నాడు. "మీ మామగారు మా రౌటర్‌లో ఏదో నొక్కేశారట. రెండు రోజులుగా నెట్ లేదు. ఆయన్ని కాస్త ఇంట్లో ఉంచుకోండి."

"నేనే నొక్కాను బాబూ, పొరపాటైంది," అన్నారు మామయ్యగారు, తల వంచుకుని.

కోడలికి తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు, క్షమాపణ చెప్పుకుందామని పైకి వెళ్ళింది. టైలరమ్మగారు మిషను ఆపి, లోపలెవరూ లేరని ఓసారి చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఆయన తప్పేం లేదమ్మా. ఫోన్‌లో బ్యాంకు పేజీ తెరిస్తే ఇది నమ్మొద్దని ఎర్రగా వచ్చింది. రోజూ ఏదో ఒకటి వస్తుంది కదా అని నొక్కుకుంటూ పోయి పాస్‌వర్డ్ కొట్టేశాను. అప్పుడే మీ మామగారు తనిఖీకని వచ్చారు. చూస్తే దొంగ పేజీ. మా రౌటర్‌లో ఎవరో దూరి దారి మార్చేశారట. అప్పటికప్పుడు బ్యాంకుకు ఫోన్ చేయించి ఖాతా ఆపించారు, రౌటర్ పీకేసి మొదట్నుంచీ సరిచేయడానికి రెండు మూడు రోజులు పట్టింది. డబ్బంతా దక్కింది."

"మరి ఆ తప్పు ఆయన తన మీద వేసుకోవడం దేనికి?"

"మా వాడికి తెలిస్తే ఇక ఫోన్ ముట్టుకోనివ్వడు. నా కుట్టుపని బేరాలన్నీ అందులోనే. నేను ఏడుస్తుంటే, 'మీ వాడు నన్ను తిడితే నాకేం కాదులే, ఇంట్లో నాకు అలవాటే' అన్నారు."

ఆ చివరి మాటకు కోడలికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

కిందికి వచ్చేసరికి మామయ్యగారు చివాట్లకు సిద్ధమై కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"మామయ్యగారూ, మా అమ్మావాళ్ళ రౌటర్ కూడా ఓసారి చూస్తారా?"

"అది మొన్న భోజనానికి పిలిచినప్పుడే చూసేశానమ్మా. నువ్వు కోప్పడతావని చెప్పలేదు."

"పాస్‌వర్డ్ మార్చారా?"

"మార్చాను."

"వాళ్ళకి చెప్పారా?"

మామయ్యగారు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.