షెడ్డులో అన్న మాటలు

మా పార్టీలో ఎంపీటీసీ టికెట్ అడగడమంటే, మండల కేంద్రం కోట నుంచి వచ్చే పార్టీ పెద్దాయనకు దండ వేసి, ఆయన ఎవరి పేరు చెబితే వాళ్ళకు చప్పట్లు కొట్టడమే. ఆ ఏడు మా సీటు మహిళలకు వచ్చింది. నేనూ అడిగాను, సముద్రం వైపు వీధిలో ఉండే అక్కా అడిగింది. ఎవరికిచ్చినా రెండోవాళ్ళు అలుగుతారని పెద్దాయనకు భయం. ఇద్దరూ కార్యకర్తల ముందు మాట్లాడండి, ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే వాళ్ళకే బి-ఫారం అన్నాడు. మహానుభావుడు, తన తలనొప్పి మాకు అంటించి చక్కా పోయాడు.

అక్క నాకు చుట్టం కాదు. ఆదివారం చర్చిలో ఇద్దరం ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. చిన్నప్పుడు నా పిల్లలకు జ్వరమొస్తే నాకంటే ముందు ఆమె చెయ్యే వాళ్ళ నుదుటి మీద పడేది.

రొయ్యల మేత నిలవచేసే షెడ్డులో సభ పెట్టారు. "తుపానప్పుడు ఈమె యాడుండాది? నెల్లూర్లో కూర్చోనుండాది. బడిలో అందరికీ అన్నం వండి పెట్టింది నేను," అంది అక్క. నేను కూతురి కాన్పుకు వెళ్ళానని ఆమెకు తెలుసు. మావారు ఊరుకుంటారా? "ఆ తుపాను సాయం బియ్యం ముందు మీ చుట్టాలిళ్ళకే పోయినాయి గదా," అని లేచారు. అది అబద్ధమని ఆయనకూ తెలుసు. రెండు వైపులా ఈలలు. చేతులు నాకే ఎక్కువ లేచాయి. నేనేదో గెలిచేశానని మురిసిపోయాను.

మరుసటి ఆదివారం అక్క వేరే చాప మీద కూర్చుంది. ఆమె వెనకాలే వాళ్ళ వీధి ఆడవాళ్ళంతా వెళ్ళారు. ఆ వీధిలో ఎవరూ ఓటుకు రారని కబురొచ్చింది. ఎదుటి పార్టీవాళ్ళకైతే పెద్దగా పనే లేకుండా పోయింది. షెడ్డులో మావాళ్ళే ఫోన్లలో తీసుకున్న మాటలు వాళ్ళకు చేరాయి. ఆటోకు మైకు కట్టి, మా ఇంటి ముందు అక్క గొంతు, అక్క ఇంటి ముందు మావారి గొంతు వినిపిస్తూ తిరిగారు.

ప్రచారం చివరి రోజు మా ఆటో అక్క వీధిలో ఆగింది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. మైకు పట్టుకుని ఆటో దిగాను. అక్క తడిచేతులు పమిటకు తుడుచుకుంటూ వచ్చి మైకు తీసుకుంది.

"షెడ్డులో ఆ మాటనింది నేనే. టికెట్టు కోసరం అనినాను. ఆయమ్మి బిడ్డ కాన్పుకి పోయింది, ఆ సంగతి నాకు తెలుసు. ఓటు మాత్రం మన గుర్తుకే ఎయ్యండి."

నా వైపు చూడకుండానే మైకు చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మావారు ఆటో దిగి, తలవంచుకుని ఆమె గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డారు. ఏమన్నారో నాకు వినపడలేదు.

ఆ వీధివాళ్ళు కొందరు ఓటుకు వచ్చారు, చాలామంది రాలేదు. ఓడిపోయాను. లెక్కింపు దగ్గర నా వెంట ఉన్న కార్యకర్తలు ఒక్కొక్కరే జారుకున్నారు. బయటికొస్తే గోడ నీడన అక్క నిలబడి ఉంది. అంతలో పెద్దాయన ఫోను.

"ఆమె వల్లే సీటు పోయింది. పార్టీ నుంచి సస్పెండ్ చేయిద్దాం. నువ్వు ఊఁ అను చాలు."

ఒళ్ళు మండింది. "షెడ్డులో మమ్మల్ని తన్నుకోమనింది మీరే గదన్నా. చేస్తే ముందు మిమ్మల్ని చేయాల," అన్నాను. అవతల ఒకసారి దగ్గి ఫోను పెట్టేశాడు.

అంతా విన్న అక్క, "ఏడవాలంటే ఈడనే ఏడ్చెయ్ మే. ఊర్లో మాత్రం మా ఈది మీదనే పోదాం," అంది.

పదవి రాలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, లేదనను. కానీ ఆ రోజు ఒంటరిగా ఊళ్ళోకి వెళ్ళాల్సి వస్తే నేను మళ్ళీ నలుగురిలోకి వచ్చేదాన్ని కాదు. ఆ మేలు నేను మరువలేను. షెడ్డులో ఈలలు వేసినవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తుంటే, ఆమె నా చెయ్యి పట్టుకుని వీధి మొత్తం నడిపించింది.