ఉడతా, కుడికన్ను మూసి చూడు

దయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక నన్ను మార్చాలని ఎవరూ ప్రయత్నించొద్దని ముందే చెబుతున్నాను.

పదిహేడేళ్లుగా నా పని చెవులు పరీక్షించడం. ఢిల్లీలో వసంత్ కుంజ్ దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో ఆడియాలజిస్టుని. చెవిలో ఎవరో పిలుస్తున్నారనీ, ఈల వేస్తున్నారనీ వచ్చిన వాళ్లను వందల మందిని చూశాను. ఒకరికి గులిమి గట్టిపడి ఉంటుంది. ఒకరికి కర్ణభేరి వెనక నీరు చేరి ఉంటుంది. పెద్దవాళ్లకు వినికిడి తగ్గేకొద్దీ మెదడు తనే ఏదో ఒక శబ్దం పుట్టించుకుంటుంది. ఏ చెవిలోనూ నాకు దయ్యం దొరకలేదు.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఉదయం మాధవి అనే అమ్మాయి వాళ్లమ్మను తీసుకొచ్చింది. మాధవి భర్త సైన్యంలో ఉన్నాడు, కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉంటారు. తల్లి నాగరత్నమ్మగారిది అనంతపురం వైపు. డెబ్బై దాటిన మనిషి, శుభ్రమైన నేతచీర, ఎవరినైనా సూటిగా చూసే చూపు.

"మమ్మీకి రైట్ ఇయర్‌లో ఆవాజ్ వస్తోంది మేడమ్. క్వార్టర్స్‌లో ఆంటీలందరూ ఊపరీ హవా, అదే గాలి సోకిందని, అంటున్నారు. రాజస్థాన్‌లో ఎక్కడో దయ్యం వదిలిస్తారట, తీసుకెళ్లమంటున్నారు. మా ఆయన కూడా టికెట్లు చూస్తున్నారు."

నాకు ఒళ్లు మండింది. అలాంటి చోట్ల ముసలివాళ్లను ఏం చేస్తారో నాకు తెలుసు. ముందు పరీక్ష కానివ్వండి, తర్వాత మీవారితో నేనే మాట్లాడతానన్నాను.

నాగరత్నమ్మగారి కుడిచెవి చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి పోయిందట. అరవై ఏళ్లుగా ఆ చెవిలో ఏమీ వినలేదు. ఆవిడను గాజుకిటికీ ఉన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. కుడివైపు ఇచ్చే శబ్దం ఎముక గుండా ఎడమచెవికి చేరుతుంది కాబట్టి, ఎడమచెవిలో హోరు పెట్టి దాన్ని మూసేశాను. యంత్రం ఇవ్వగలిగినంత గట్టి శబ్దం ఇచ్చినా ఆవిడ బటన్ నొక్కలేదు. అనుమానంతో రెండోసారీ చేశాను. కుడిచెవి పూర్తిగా పోయింది.

వినికిడి లేని చెవిలోనూ మోత వస్తుందని, అది జబ్బే గానీ గాలి కాదని వాళ్లిద్దరికీ చెప్పాను.

"మోత కాదమ్మా, మాట. పొద్దున పదకొండు గంటలప్పుడు ఇనిపిస్తాది. రోజూ ఒకటే మాట" అన్నారు నాగరత్నమ్మగారు.

"ఏమని ఆంటీ?"

"ఉడతా, కుడికన్ను మూసి చూడు అంటాది."

మాధవి నవ్వాపుకోలేకపోయింది. "పార్క్‌కి వెళ్లి నిజంగానే ఒక కన్ను మూసుకుని ఉడతల్ని చూస్తున్నారు మేడమ్. అందుకే అందరికీ డౌట్ వచ్చింది."

"ఏమో, చూడమంటే చూసినా. ఉడతలు బాగానే ఉండాయి" అన్నారావిడ.

నేను నవ్వలేదు.

ఉడత నా ముద్దుపేరు. చిన్నప్పుడు మా ఊరు రాజాంలో మా ఇంటి గోడలన్నీ ఎక్కేదాన్నని తాతయ్య పెట్టాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆ పేరు ఇక అమ్మకీ అన్నయ్యకీ మాత్రమే తెలుసు. పెళ్లయ్యాక మా ఆయనకు కూడా చెప్పలేదు, ఏడిపిస్తాడని. ఎక్కడా రాసుకోలేదు.

కాకతాళీయం అనుకున్నాను. ఢిల్లీ పార్కుల నిండా ఉడతలే. ఆ మాట ఎంత తప్పో నాకు నేనే నిరూపించుకుందామన్న పంతంతో కుడికన్ను మూసి ఎదుటి గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

క్యాలెండర్ పైభాగమే కనబడింది. కింద, ముక్కు వైపు నుంచి, బూడిదరంగు తెర లేచినట్టు ఉంది. తల కదిలిస్తే తెర కూడా కదిలింది. కుడికన్ను తెరవగానే అంతా మామూలుగా కనబడింది.

నాకు దగ్గరచూపు ఎక్కువ, మైనస్ తొమ్మిది అద్దాలు. నాలుగు రోజులుగా ఎడమకంటి అంచున కెమెరా ఫ్లాష్‌లా మెరుపులు వస్తున్నాయి. మసి చల్లినట్టు నల్లచుక్కలు తేలుతున్నాయి. నిద్ర చాలలేదనీ, ఢిల్లీ పొగ అనీ సర్దిచెప్పుకున్నాను. ఒక కంట్లో చూపు తగ్గుతుంటే రెండో కన్ను దాన్ని కప్పేస్తుంది, అందుకే మనకు తెలియదు. చెవుల విషయంలో ఇదే సంగతి రోజుకు పదిమందికి చెప్పే నేను నా కళ్ల సంగతి పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికల్లా కంటి ఆసుపత్రిలో ఉన్నాను. రెటీనా చిరిగి పైనుంచి ఊడుతోందన్నారు. "మధ్యభాగం ఇంకా అతుక్కునే ఉంది. రేపటిదాకా ఆగి ఉంటే ఏం చెప్పలేకపోయేవాళ్లం" అన్నాడు డాక్టరు. మర్నాడు ఉదయమే ఆపరేషన్ చేశారు. పది రోజులు బోర్లా పడుకున్నాను. చూపు నిలబడింది.

పడుకున్న పది రోజులూ ఇదే ఆలోచన. నాగరత్నమ్మగారు నా ముఖం చూసి కనిపెట్టారా? రెటీనా ఊడటం బయటికి కనబడదు. ఎవరైనా నా పేరు చెప్పారా? అమ్మకు ఫోన్ చేశాను. అనంతపురంలో మాకెవరూ తెలియదంది. ఢిల్లీలోనూ నీ గురించి ఎవరితోనూ మాట్లాడలేదంది. అన్నయ్యదీ అదే మాట.

విషయం తెలిసి మా అత్తగారు తాయెత్తు కట్టుకోమన్నారు. కట్టుకోలేదు. పక్క ఫ్లాట్ దీదీ ఇంటికి శాంతి చేయించమంది. వద్దన్నాను. నన్ను కాపాడింది రెటీనా డాక్టరు. ఆయన చదువుకు దక్కాల్సిన పేరు ఇంకెవరికో ఇవ్వను.

మాధవి భర్తతో ఫోన్‌లో గట్టిగానే మాట్లాడాను. రాజస్థాన్ ప్రయాణం ఆగింది.

రెండు నెలల తర్వాత, వయసుతో వినికిడి తగ్గిన ఎడమచెవికి మిషన్ పెట్టించుకోవడానికి తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. గొంతు ఎప్పుడు మొదలైందని మాధవిని అడిగాను. మమ్మీ ఉడతల గురించి ఏదో అంటున్నారని భర్తకు వాట్సాప్‌లో పెట్టిన మొదటి మెసేజ్ తీసి చూపించింది. తేదీ కళ్లారా చూశాను. నాకు మెరుపులు మొదలవడానికి వారం ముందుది.

"ఇప్పుడూ వినిపిస్తోందా ఆంటీ?"

"లేదమ్మా. ఈడికొచ్చి పోయిన దినం నుంచి ఇనపళ్యా."

మిషన్ సరిచేస్తూ, ఇంతకీ అది ఆడగొంతా మగగొంతా అని అడిగాను. ఆవిడ కూతురి వైపు చూసి, నా వైపు చూసి, గొంతు తగ్గించారు.

"ఆ పొద్దు నువ్వు తలుపు తీసి, లోపలికి రండి ఆంటీ అన్నావు చూడు, అప్పుడే గుర్తుపట్టినా. నీ గొంతే అమ్మా. పిచ్చిదనుకుంటావని చెప్పలా."

అంతకుముందు ఆవిడ నన్ను కలవలేదు. నాతో ఫోన్లోనూ మాట్లాడలేదు, అపాయింట్‌మెంట్ మాధవి యాప్‌లో తీసుకుంది. నా గొంతు ఆవిడ వినే దారి లేదు. విన్నా ఆ చెవితో వినలేదు. ఆ రోజు కుడిచెవికి మళ్లీ పరీక్ష చేశాను, మూడోసారి. ఏ శబ్దానికీ బటన్ నొక్కలేదు.

ఆవిడ ఫైలులో వివరాలు రాసే చోట విన్నది విన్నట్టు రాసి, కారణం తెలియదు అని సంతకం పెట్టాను. నా చదువులో అది రాయడం తప్పు కాదు.

దయ్యం అని మాత్రం రాయను. నేను బతికే ఉన్నాను కదా.