మానుకోటలో దొరకని రక్తం

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను జనగామలో ఒక రక్తదాతల సంఘానికి కంప్యూటర్ పని చేసేదాన్ని. దీక్షా శిబిరాల పక్కనే రక్తదానం పెట్టేవారు. కార్యకర్తలు రాసుకొచ్చిన దాతల వివరాల కాగితాలు నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. గ్రూపుకొక గడి, ఊరికొక గడి, ఫోనుకొక గడి, అలా చేయాల్సిన పని. కానీ కట్టలు కట్టలు తెచ్చి బల్ల మీద పడేస్తుంటే ఒళ్లు మండింది. ఎవరడిగారు నన్ను గడులు చేయలేదేమని? మనిషికొక వరుస చొప్పున, కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఒకే గడిలో కొట్టి పడేశాను.

ఆ రోజు బంద్. బస్సుల్లేవు, రైళ్లు లేవు. భూపాలపల్లిలో బొగ్గు గనుల వాళ్లూ పనిలోకి దిగలేదు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. పదకొండింటికి ఫోన్ మోగింది. మహబూబాబాద్ దవాఖాన నుంచి ఒక తల్లి, నర్సింహులపేట దగ్గరి తండా ఆమె. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం.

"బిడ్డా, నా పిల్ల కాన్పయింది. నెత్తురు ఆగుతలేదు. ఓ నెగెటివ్ కావాల్నంట, ఈడ లేదంటున్రు. జర చూడు బిడ్డా, నీ కాల్మొక్త."

"చూస్తున్నవ్వా, పరేషాన్ గాకు" అంటుండగానే కరెంటు పోయింది. యూపీఎస్ కూత పెట్టింది. దాని బ్యాటరీ పది నిమిషాలు ఆగితే గొప్ప.

O- అని వెతికాను. తెర నిండా వరుసలే, కిందికి పోతుంటే ఒడవవు! ఇంటి నెంబర్ల ముందు నేను No- అని కొట్టి ఉన్నాను కదా, అందులోని o- పట్టుకుని అవన్నీ వచ్చి పడ్డాయి. నా చేతులు విరిగిపోను! పైగా ఓ నెగెటివ్‌ను ఒకరోజు అడ్డగీతతో, ఇంకోరోజు neg అని కొట్టాను.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. ఫలానా మాట కావాలని కాకుండా, ఆ మాట ఎలా కనిపించవచ్చో చెప్పి డేటాబేస్‌ను అడగడం. O తర్వాత ఖాళీ ఉన్నా లేకున్నా సరే, ఆపైన అడ్డగీతయినా neg అయినా సరే అని రాశాను. ఇంటి నెంబర్ల పీడ పోవాలని అన్నిటికంటే ముందు ^ గుర్తు పెట్టాను. వరుస మొదట్లో ఉంటేనే చూపించు, మధ్యలో ఉంటే వద్దని దాని అర్థం. కాగితాల్లో ముందు గ్రూపే రాసేవారని నాకు గుర్తు.

మూడు వరుసలు మిగిలాయి. నెంబర్లు గీక్కునేసరికి తెర ఆరిపోయింది.

భూపాలపల్లి గని కార్మికుడు మరీ దూరం. నర్మెట్ట మనిషి ఫోన్ స్విచాఫ్. పాలకుర్తి ఆటో డ్రైవర్ ఎత్తాడు. వెనక నినాదాలు వినబడుతున్నాయి.

"రోడ్డు మీదనే కూసున్నమక్కా. మేమే బండ్లు ఆపుతున్నం, నేనెట్ల పోవాలె?" అన్నాడు. అంతలోనే, "సరే తియ్యి, దోస్తు మోటార్‌సైకిల్ మీద పోత" అన్నాడు.

దారిలో బంద్ చేసేవాళ్లు బండి ఆపిన ప్రతిచోటా నాకు ఫోన్ కలిపి వాళ్ల చేతికిచ్చేవాడు. నేను బతిమాలేదాన్ని, తిట్టేదాన్ని, మళ్లీ బతిమాలేదాన్ని. మధ్యలో ఆ తల్లి ఫోన్లు. "యాడిదాక వచ్చిండు బిడ్డా?"

"దగ్గరికొచ్చిండవ్వా" అని అబద్ధమాడాను. అప్పటికి తొర్రూరు కూడా దాటలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు చేరాడు. ఆ తల్లి కూతురు బతికింది. కానీ అప్పటికే నెత్తురు ఆగక గర్భసంచి తీసేశారు.

మర్నాడు కరెంటు రాగానే బుద్ధొచ్చి, ఆ వరుసలను గడులుగా విడగొట్టడానికి కూర్చున్నాను. మానుకోట కాగితాల దగ్గరికొచ్చాను. ఆ శిబిరానికి వచ్చినవాళ్లు ముందు తమ తండా పేరో, వాడ పేరో చెప్పి, ఆ తర్వాతే మిగతా సంగతి చెప్పారు. కార్యకర్తలు అలాగే రాశారు, నేనూ అలాగే కొట్టాను. ఒక్క వరుస కూడా గ్రూపుతో మొదలవదు. నేను పెట్టిన గుర్తు మానుకోటను మొత్తానికి మొత్తం పక్కకు తోసేసింది. అందులో ఒక వరుస: వాడ పేరు, దాని పక్కన O-, దర్జీ పని, దవాఖాన వెనక గల్లీ.

ఫోన్ చేసి, నిన్న ఊళ్లో ఉన్నావా అని అడిగాను.

"దుకాణం బంద్ గదక్కా, దినమంత ఇంట్లనే ఉన్న. ఏమైంది? నెత్తురు కావాల్నా? దవాఖాన గిక్కడనే, నడిస్తే ఐదు నిమిషాలు."

"ఏం లేదు భాయ్" అని పెట్టేశాను.

రెండు నెలల తర్వాత ఆ తల్లి కూతురినీ, పసిదాన్నీ వెంటబెట్టుకుని జనగామ వచ్చింది. నా బల్ల మీద పెసల మూట పెట్టింది. కూతురు బెంచీ మీద తలొంచుకుని కూర్చుంది.

"ఇగ దీనికి పిల్లలు కారంట. గీ ఒక్కతి చాలు బిడ్డా. నువ్వు కంప్యూటర్ల చూడకపోతే నా పిల్లనే దక్కకపోతుండె" అని పసిదాన్ని తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టింది.

దర్జీ సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. "పాలు మంచిగ తాగుతున్నదా అవ్వా?" అని అడిగాను.