కొసరు లేని కొలత

మా బావగారు సూర్యనారాయణ గారు కాలధర్మం చెందారు. ఈ వాక్యం రాసి చాలాసేపు కలం కింద పెట్టేశాను. నేను ఏళ్ల తరబడి మనసులో సిద్ధం చేసుకుంటూ వచ్చిన దుర్వార్త ఇది కాదు. మా చెల్లెలు సుభద్రకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఏలూరు ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకుంటూ బతుకుతోంది. పొద్దుటే ఫోను మోగితే చాలు, దాని గురించేనని నా గుండె జారిపోయేది. ఆ రోజూ అలాగే జారింది. ఎత్తితే అవతల మాట్లాడుతున్నది సుభద్రే. "అన్నయ్యా, ఆయన లేవట్లేదు" అంది. ముందురోజు సాయంత్రం దెందులూరు దగ్గర హైవే మీద ఒక హోటల్లో మిషను బిగించి, ఇంటికొచ్చి భోంచేసి పడుకున్న మనిషి నిద్రలోనే వెళ్లిపోయారు. గుండె ఆగిందన్నారు డాక్టరు. తాడేపల్లిగూడెం చేరి ఆ ముఖం చూసేవరకూ నేను నమ్మలేదు.

మా ప్రాంతపు టిఫిను హోటళ్లలో తినేవారికి ఆయన పేరు తెలియకపోవచ్చు గాని, ఆయన పని తెలుసు. ఇడ్లీ ప్లేటు పట్టుకుని కౌంటరు దగ్గర బటన్ నొక్కితే, స్టీలు డబ్బా కింది గొట్టంలోంచి గరిటెడు కొబ్బరి చట్నీ పడి ఆగుతుంది. పక్క డబ్బాలోంచి అల్లం పచ్చడి, దాని పక్క నుంచి నెయ్యి కలిపిన కారప్పొడి. ఇక చాలు కాబోలని ప్లేటు వెనక్కి తీసుకోబోతుండగా, గొట్టం ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, ఇంకో చిన్న ముద్ద వేస్తుంది. ఆ రెండో ముద్ద మా బావగారిది.

అది ఆయనకు పిత్రార్జితం. వాళ్ల నాన్నగారికి గూడెంలో కిరాణా కొట్టు ఉండేది. నూనె కొలిచి పోశాక, కొలత పూర్తయ్యాక, పైన మరి కాస్త ఒలికించేవారు. దానినే కొసరు అంటాం. కొసరు వేయని కొట్టు గుమ్మం తొక్కేది లేదని మా వైపు ఆడవాళ్లకు మహా పట్టుదల. "కొలిచింది వాళ్లు కొనుక్కున్నారురా అబ్బాయ్, కొసరొక్కటే మనం ఇచ్చేది" అని ఆ పెద్దాయన కొడుకుతో అనేవారట. కొట్టు పోయింది. కొడుకు ఐటీఐ చదివి, గణపవరం నుంచి కొల్లేటి గట్ల దాకా చేపల చెరువుల మీద మేత విసిరే మిషన్లు బాగుచేస్తూ పొట్టపోసుకున్నారు. పూటకింత మేత అని పెడితే అంతే విసిరి ఆగే మిషన్లు అవి. వాటిని విప్పి బిగించీ, విప్పి బిగించీ, ఆ విద్యనే వంటింటి వైపు తిప్పారు.

మొదటి మిషను గూడెం స్టేషను రోడ్డులో ఒక హోటల్లో పెట్టారు. వడ్డించే మనుషులు దొరక్క ఆ హోటలాయన అవస్థ పడుతున్నాడు. ఊరు ఊరుకుంటుందా. "చేపలకి మేతేసే మిషను తెచ్చి మన మొహాన పెట్టాడండీ" అని నవ్వారు. మొదటి వారంలోనే పోపులోని కరివేపాకు గొట్టానికి అడ్డం పడి, ఒక పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా మీదికి చట్నీ చిమ్మింది. ఆయన పెట్టిన చీవాట్లన్నీ తల వంచుకుని విని, చొక్కా అడిగి తీసుకుని, ఉతికించి, మర్నాడు వాళ్లింటికి పట్టుకెళ్లి ఇచ్చి వచ్చారు మా బావగారు. ఆ తరవాత పోపుకి వేరే డబ్బా కట్టారు.

అసలు చిక్కు కరివేపాకుతో రాలేదు. చట్నీ సరిపడా పడుతున్నా జనం ముఖాలు మాడ్చుకుని వెళ్లిపోయేవారు. "ముష్టి వేసినట్టు వేసిందండీ" అని ఒకాయన ప్లేటు కౌంటరు మీదే పెట్టేసి వెళ్లాడట. మిషను తీసుకుపొమ్మన్నాడు హోటలాయన. బావగారు తీసుకుపోలేదు. కొన్నాళ్ల పాటు ఆ కౌంటరు పక్కనే నిలబడి తినేవాళ్ల చేతులు చూస్తూ ఉండిపోయారు. ఆ రోజుల్లో ఒకసారి నాతో అన్నారు: "చట్నీ చాలకపోవడం కాదండి బావగారూ. పడుతుంటే బానే ఉంటున్నారు, ఆగిపోయినప్పుడు చిన్నబుచ్చుకుంటున్నారండి." ఆ తరవాతే రెండో ముద్ద పుట్టింది. "అదేదో ఒకేసారి వేసెయ్యొచ్చు కదండీ, అదే చట్నీ కదా" అన్నాడు హోటలాయన. "ఒకేసారి వేస్తే అదీ కొలతలో కలిసిపోతుందండి" అన్నారు ఈయన. నేను తెలుగు మాష్టరుగా జీవితమంతా ఔదార్యం గురించి పాఠాలు చెప్పాను. ఒక మర సాయంతో ఔదార్యం చూపించవచ్చునన్న ఊహ నాకు కలలో కూడా తట్టలేదు.

హైవే మీద పెద్ద పెద్ద భోజనశాలలు నడిపే కంపెనీ వాళ్లొచ్చి, ఆ రెండో ముద్ద తీసేసి ఇమ్మన్నారు. తమ భోజనశాలలన్నిటా మిషన్లు పెట్టిస్తామన్నారు. "అది తీసేస్తే నాన్నగారికి ఏం చెప్పనండీ" అన్నారట మా బావగారు. వాళ్లకి అర్థం కాలేదు. ఆయన నాన్నగారు పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. నాకూ కోపమే వచ్చింది, పిల్లా జెల్లా లేని ఇల్లు, మందుల ఖర్చు ముంచుకొస్తున్న ఇల్లు, ఈ పంతాలేమిటని. ఆయనతో వాదించడం మాత్రం వృథా. గట్టిగా మాట్లాడని మనిషిని ఓడించడం ఎలాగో నాకిప్పటికీ తెలియదు.

అప్పటికే సుభద్ర జబ్బు బయటపడింది. పచ్చళ్లంటే ప్రాణం దానికి. కొత్త గొట్టం చేసినప్పుడల్లా అల్లం పచ్చడి నూరి ఇచ్చేది అదే, రుచి చూసేది అదే. అటువంటిదాన్ని ఉప్పు మానెయ్యమన్నారు. నీళ్లు కూడా గుక్కెడు గుక్కెడు లెక్కపెట్టి తాగమన్నారు. చప్పిడి కూడు గొంతు దిగక అసలు తినడమే మానేసింది. ఎముకల గూడులా తయారైంది. చివరికి డాక్టరే దిగివచ్చి, మధ్యాహ్నం పూట ఒక్క అరచెంచా పచ్చడి నాలిక్కి రాసుకోనిమ్మన్నారు. అది లేకపోతే తినదు, తినకపోతే నిలవదు. అరచెంచా దాటితే దాహం పుడుతుంది, దాహానికి తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయి. మా చెల్లెలి ఆయుర్దాయమంతా ఆ అరచెంచా మీదకొచ్చి నిలబడింది.

చెంచాతో కొలవడం మనవాళ్లకి చేతనవునా? గణపవరంలో పెళ్లికి వెళ్లాం. బావగారి అక్కగారు సీతమ్మ గారు వడ్డిస్తున్నారు. సుభద్రను కన్నకూతురిలా చూసుకునే మనిషి. "పాపం, శుభమా అని పెళ్లికొచ్చి చప్పిడి తినడం ఏంటమ్మా, ఈ ఒక్కపూటకీ ఏం కాదులే" అంటూ మాగాయ వేశారు. పెరుగన్నంలోకి మళ్లీ వేశారు. కొసరి కొసరి వడ్డించారు. సుభద్ర వద్దనలేదు, ఎలా అంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి ఊపిరి అందక, పెదవులు నల్లబడి, కళ్లు తేలేసింది. ఏలూరు వెళ్లేదాకా కారులో దాని తల నా ఒళ్లో ఉంది. ఆ గురక నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆనాడు బతికి బయటపడడం దైవకృప. బావగారు వాళ్లక్కగారిని ఒక్క మాట అనలేదు. నేనైతే అనేవాణ్ణి, అనడానికి లేచాను కూడా. "ఆవిడ ప్రేమగా వేసిందండి బావగారూ" అని నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన ఇంటి వంటగదిలో ఒక చిన్న మిషను పెట్టారు. డబ్బా మూతకు తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకు. మధ్యాహ్నం ఒక్కసారి నొక్కితే అరచెంచా పచ్చడి పడుతుంది. ఆ తరవాత రేపటిదాకా ఎంత నొక్కినా ఏమీ పడదు. ఊరందరికీ రెండో ముద్ద వేసిన చేత్తోనే, ఇంట్లో సుభద్రకు ఆ ముద్ద లేకుండా చేశారు.

నేను ఎదురుగా కూచుని ఉండగానే జరిగిందొకసారి. సుభద్ర ఆ బటన్ నొక్కుతూనే ఉంది.

"ఏవండీ, ఇంకొంచెం. గోరంత."

"ఇవాల్టికి అయిపోయింది సుభద్రా."

"ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాళ్లకి వేస్తారు. నాకు వెయ్యరా?"

ఆయన కంచంలోనూ అరచెంచాయే ఉంది. అది కలుపుకుని మెల్లగా తిన్నారు. సుభద్ర కంచం తోసేసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. పెరట్లో చెయ్యి కడుక్కుంటున్న మనిషి వెనకాలే వెళ్లి, "ఏం మనిషండీ మీరు, ఆడది అలా ఏడుస్తుంటే ముద్దెలా దిగిందండీ మీకు" అన్నాను. ఆయన చాలాసేపు చేతులు కడుగుతూనే ఉన్నారు. తరవాత అన్నారు: "హోటల్లో వేసేది, వాళ్లు రేపు మళ్లీ రావాలనండి. ఈవిడకి వెయ్యనిది, ఈవిడ రేపు ఉండాలనండి." అని తుండుతో ముఖం తుడుచుకుని, తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. సుభద్ర తలుపు తీసేదాకా అక్కడే నిలబడ్డారు.

డయాలసిస్ వార్డులో పరిచయమైన మరికొన్ని ఇళ్లకు కూడా అటువంటి మిషన్లే చేసి ఇచ్చారు. ఆ ఇళ్లలోని వాళ్లంతా వచ్చి ఆయన శవం దగ్గర కూలబడి ఏడ్చారు.

ఇప్పుడు నా కోపం కూడా చెప్పుకోనివ్వండి. చనిపోయిన మనిషి మీద కోపగించుకోకూడదంటారు. నాకు వస్తోంది. ఆయనకు కొన్నాళ్లుగా ఛాతీలో నొప్పి వస్తోందట. "గ్యాసండి" అని స్టేషను రోడ్డు హోటలాయనతో అన్నారట. పెళ్లాన్ని వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లి, గంటల తరబడి వరండా బల్ల మీద కూచున్న మనిషి, లేచి నాలుగడుగులు వేసి నన్ను కూడా ఒకసారి చూడండని ఏ డాక్టరునీ అడగలేదు. ఎంత తెలివితక్కువ పని బావగారూ. మీరు లేకపోతే దాని గతేమిటని ఒక్కసారైనా అనుకున్నారా?

దహనమైన మర్నాడే సుభద్రకు డయాలసిస్ ఉంది. భర్త పోయిన ఆడది కర్మ అయ్యేదాకా గుమ్మం దాటకూడదన్నారు ఇంటినిండా ఉన్న పెద్దలు. వాళ్ల మీద నోరు పారేసుకున్నాను. పాతికేళ్లు పాఠాలు చెప్పిన నోరు, బాగానే లేచింది. కానీ వాళ్లకంటే ముందు సుభద్రే రానంది. గోడ వైపు తిరిగి పడుకుని, "ఎందుకన్నయ్యా, వదిలెయ్" అంది. ఒక్క విడత మానితే ఏమవుతుందో దానికి తెలుసు. తెలిసే అంటోంది. ఇక ఎవరి మాటా వినేలా లేదు. అప్పుడు సీతమ్మ గారు లేచారు. తమ్ముణ్ణి పోగొట్టుకుని రాత్రంతా ఏడ్చిన ఆవిడ, సుభద్ర చెయ్యి పట్టుకుని లేవదీశారు. "లేమ్మా. ఆ రోజు నేను చేసిన పనికి నువ్వు పోవలసినదానివి. నా తమ్ముడు నిన్ను దక్కించుకున్నాడు. వాడు దక్కించుకున్నది నేను పోనివ్వను. గుమ్మం సంగతి నన్ను అడగమను, నేను చెప్పుకుంటాను" అన్నారు. ఆవిడే కారెక్కించి, పక్కన కూచుని ఏలూరు దాకా వచ్చారు.

తిరిగి వస్తుంటే సుభద్ర కొంగు ముడి విప్పి, ఆయన మొలతాడుకుండే తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నీ ఇంటికి వస్తాను, ఆ మిషను కూడా తెచ్చుకుందాం" అంది. కాసేపటికి మళ్లీ అంది: "నేను అడుగుతానన్నయ్యా. ఏడుస్తాను. నిన్ను నానా మాటలూ అంటాను. వెయ్యకు."

వెయ్యనమ్మా అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

మితభాషి, శ్రమజీవి, తండ్రి కొట్టులోని ధర్మాన్ని ఇనుములో నిలిపిన శిల్పి, సూర్యనారాయణ గారు ఇక లేరు. ఆయన మిషన్లు ఊళ్లలో నడుస్తున్నాయి, ఎవరో ఒకరు బాగుచేసుకుంటారు, వాటి బెంగ నాకు లేదు. ఆయన ఇంట్లో రోజూ మధ్యాహ్నం చేసిన పని చేసే మనిషి మాత్రం మళ్లీ దొరకడు.

పెద్దకర్మ అయ్యాక చెల్లెల్ని మా ఇంటికి తీసుకొచ్చాను. నిన్న మధ్యాహ్నం అది కంచం ముందు కూచుని, "అన్నయ్యా, ఇంకొంచెం" అంది. నేను వెయ్యలేదు. ఏడ్చింది. నేను తల వంచుకుని నా అన్నం కలుపుకున్నాను, ముద్ద దిగలేదు. ఇన్నేళ్లూ ఇది ఇంత కష్టమని మీరు ఒక్కసారి కూడా చెప్పలేదు బావగారూ.