ఫోన్ లోపల పెట్టు

గిటారన్న పోయాడని ఆయన బ్యాండులో డ్రమ్స్ వాయించే ఆయన ఫోన్ చేసి చెప్పినప్పుడు, గుత్తిలో నా సెల్‌ఫోన్ షాపులో ఎవరిదో ఫోనుకు స్క్రీన్‌గార్డు అంటిస్తున్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. స్క్రీన్‌గార్డు వంకరగా పడింది.

గుంతకల్లులో రైల్వే ఫిట్టరు గిటారన్న. డ్యూటీ దిగితే రాక్ బ్యాండే లోకం. నలుగురూ తెలుగులో సొంత పాటలు కట్టుకుని కాలేజీ మైదానాల్లో, వినాయకుడి పందిళ్ల దగ్గర వాయించేవాళ్లు. అన్న చెప్పులు విడిచిగానీ స్టేజీ ఎక్కేవాడు కాదు. మొదటి పాట సగానికే చొక్కా ఒంటికి అతుక్కునేది. వాన మొహమెరగని మా ఊళ్లలో అంతగా తడిసిన మనిషిని అక్కడే చూశాను. కరెంటు పోయి గిటారు మూగబోతే, ఆగకుండా గొంతెత్తి పాడేవాడు. ఆ పిచ్చి చూడడానికే షాపు మూసి బత్తలపల్లె దాకా కూడా వెళ్లేవాడిని.

మొదటిసారి నేను వీడియో తీస్తుంటే పాట ఆపేశాడు. మైకు పక్కన పెట్టి స్టేజీ అంచుకు వచ్చాడు.

"ఏమప్పా, ఫోన్ లోపల పెట్టు. కండ్లతో చూసింది యాడికీ పోదు."

ఆ మాట నాకు వేదవాక్కయింది. ఫోన్లు అమ్మి బతికేవాడినే, ఆయన ముందు మళ్లీ ఫోను తీయలేదు. ఎప్పుడూ ముందు వరుసలోనే నిలబడేవాడిని. వెనక్కి తిరిగి చూసే పని పడలేదు.

సంతాప సభలో తెర కట్టి వీడియోలు వేశారు, ఒకదాని తర్వాత ఒకటి. అన్నీ నా వెనక నిలబడ్డవాళ్లు తీసినవే. ఇవి అన్నకు తెలుసా అని వదినను అడిగాను.

"తెలీకేమప్పా, అందరూ మీ అన్నకే పంపుతాండ్రి. అన్నం తింటా అవే చూస్తా కుచ్చుండేవాడు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషి మీద కోపమేమిటని మీరనొచ్చు. ఉంది. నన్నొక్కడినే ఆపి, మిగతా అందరినీ తీసుకోనిచ్చాడు. నన్ను మోసం చేశాడు. ఆయన పంచిన సంతోషానికి బతికినంత కాలం రుణపడి ఉంటాను, అది వేరే సంగతి.

చివరి వీడియో సోమందేపల్లెలోది. అన్న గిటారుతో స్టేజీ అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు, సరిగ్గా నా ఎదురుగా. తెర మీద ఆయన ముఖానికి నా తల అడ్డమొచ్చింది. ఆ తల ఎవరిదిరా అని సభలో ఎవరో విసుక్కున్నారు. ఆ పాటంతా ఆయన ముఖం చూసింది నేనొక్కడినే. ఎంత తలచుకున్నా చెమట గుర్తొస్తోంది గానీ, ముఖం రావడం లేదు.