నీలి చుక్క గొర్రెలు

ఆ రోజుల్లో నా కంటికి లోకంలోని ప్రాణులు రెండే రకాలు: మందు వేసినవి, మందు వేయనివి. పశువైద్యంలో పై చదువు చదువుతున్నాను. మోదుగ గింజల పొడి గొర్రెల కడుపులోని పురుగుల్ని నిజంగా చంపుతుందా లేదా తేల్చడం నా పని. తేలితే పట్టా, లేకపోతే మళ్లీ మొదటికి. జఫర్‌గఢ్ దగ్గర ఒక అవ్వ దయతలచి తన మందను చూపించింది. సగం గొర్రెల నుదుట ఎర్ర చుక్క పెట్టి, వాటికే బెల్లంలో కలిపి పొడి తినిపించమన్నాను. మిగతా సగానికి నీలి చుక్క పెట్టి, వాటికి వద్దన్నాను. పోల్చి చూడాలి కదా. పురుగుల గుడ్లు లెక్కపెట్టడానికి వారం వారం వాటి పెంటికెలు సంచిలో కట్టుకుని బస్సులో జనగామకు, అక్కడి నుంచి కాలేజీకి. (నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. పండగ రద్దీలో కూడా కాళ్లు చాపుకుని ప్రయాణించిన ఘనత నాది.)

కొన్నాళ్లకు నీలి చుక్క గొర్రెపిల్ల ఒకటి విరేచనాలై చచ్చిపోయింది. నేను పెద్ద శాస్త్రవేత్తలా తల పంకించి, ‘ఒకటి తగ్గింది’ అని రాసుకున్నాను. అవ్వ ఆ పిల్లను ఎత్తుకుని చేను గట్టు వైపు నడిచింది. ఆ తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్ర చుక్కవాటిలో పురుగుల గుడ్లు బాగా తగ్గాయి. ఎగిరి గంతేశాను. నీలి చుక్కవాటిలోనూ అంతే తగ్గాయి. కూలబడ్డాను.

మర్నాడే పరుగెత్తాను. “అవ్వా, నీలి చుక్కవాటికి ఏమన్న పెట్టినవా?”

“పెట్టిన బిడ్డా. పిల్ల సచ్చినంక నా పాణం ఊకోలే. మోదుగ గింజలకేం కరువా? నేనే దంచి పెట్టిన.”

“పెట్టొద్దన్న గదా! నా చదువంత ఆగమైంది అవ్వా!”

“సదువు మల్ల సదువుకుంటవు. సచ్చినదాన్ని ఏడికెల్లి తెస్తవు? ఒక్క దొడ్ల జీవాలు, కొన్నిటికి పెట్టి కొన్నిటిని సూసుకుంట కూసుంటమా? గిదేం పద్ధతి?”

ఏడుపొచ్చింది. చదువు కోసమే అనుకున్నాను.

కాలేజీలో మా సారు కాగితాలన్నీ తిరగేసి, “మందు వేయని గుంపు ఏమైంది?” అన్నారు గంభీరంగా.

“బతికింది సార్,” అన్నాను.

ఆయన నవ్వలేదు. భూపాలపల్లి వైపు మరో మందతో పని మొదటి నుంచి చేయించారు. పట్టా ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు మహబూబాబాద్‌లో పశువులకు వైద్యం చేసుకుంటూ, కళ్లనిండా నీళ్లతో ఆ జవాబు చెప్పిన ఆనాటి అమ్మాయిని, అంటే నన్నే, తలుచుకుంటే నవ్వొస్తుంది. పరీక్ష లెక్కన అది తప్పు జవాబే. కానీ అంతకంటే మంచి మాట నేను ఏ పెద్దమనిషికీ మళ్లీ చెప్పలేకపోయాను.